ఎటూ తేలని ముక్కలు

బొగ్గును పాలతో కడిగినా నలుపు పోదంటారు. నీళ్ళతో కడిగితే మాత్రం అది "క్లీన్ కోల్" అయిపోతుంది. వెటకారానికి అనడం లేదు. బొగ్గు కడిగే వాషరీలో ఒక కన్వేయర్ బెల్టు మీద పోయే సరుకు పేరే అది. పక్క బెల్టు మీద రిజెక్టులు, అంటే ఏరి పారేసిన సరుకు, పోతాయి. అక్కడ పనిచేసేవాళ్ళకు ఆ మాటకు "రాయి తీసేసిన బొగ్గు" అన్న అర్థం తప్ప మరొకటి లేదు. అదే మాట వాషరీ గేటు దాటి ఉపన్యాసాల్లోకీ కంపెనీల కరపత్రాల్లోకీ వచ్చేసరికి ఎక్కడలేని పవిత్రత తెచ్చుకుంది.

మొన్న అలాంటి కరపత్రం ఒకటి చదివాను. కడిగిన బొగ్గు కాలిస్తే విద్యుత్ కేంద్రం వదిలే కాలుష్యం పాతిక శాతం తగ్గుతుందని రాశారు. చదివి నవ్వుకుందామంటే నవ్వు రాలేదు. కొన్నేళ్ళ కిందట నేనూ ఇదే లెక్క వేశాను. వేసి ఊరుకోకుండా ఒక సభలో చెప్పాను కూడా. 100 టన్నుల బొగ్గు కడిగితే 75 టన్నులు మిగులుతుంది, 100 కాల్చేచోట 75 కాలుస్తాం, కాబట్టి పొగ పాతిక శాతం తక్కువ. చప్పట్లు పడ్డాయి. సభ అయ్యాక, బొగ్గు పరీక్షల ల్యాబ్‌లో చాలాకాలం పనిచేసిన పెద్దాయన ఒకరు దగ్గరికి వచ్చి, "మీరు తీసి పారేసిన ఆ పాతిక టన్నుల్లో పొగొచ్చే సరుకు ఎంతుందండీ?" అని అడిగారు. నేను తెల్లమొహం వేశాను. "తీరికైనప్పుడు ఒకసారి ల్యాబ్‌కి రండి, చూపిస్తా" అన్నారు.

వెళ్ళాను. అప్పట్నుంచీ నా అభిప్రాయం రెండుసార్లు మారింది. మొదట ఇదంతా మోసం అనుకున్నాను, తర్వాత అదీ తొందరపాటే అని తేలింది. ఇప్పుడు నేననేది ఇదీ: బొగ్గును కడగడం చాలాచోట్ల మంచి పనే. కానీ ఆ మంచిని రైలు ఖాతాలోనో బాయిలర్ ఖాతాలోనో రాసుకోవాలి. పొగ ఖాతాలో రాసి, అది చూపించి చిమ్నీ దగ్గర పెట్టాల్సిన వడపోత యంత్రాలను ఎగ్గొడతామంటే మాత్రం ఒప్పుకోకూడదు.

బీకర్లలో బొగ్గు

ఆ రోజు ఆయన మూడు బీకర్లలో జింక్ క్లోరైడ్ ద్రావణం పోశారు. ఒకటి నీటికన్నా 1.4 రెట్లు బరువు, రెండోది 1.6, మూడోది 1.8. నలగ్గొట్టిన బొగ్గు గుప్పెడు మొదటిదాంట్లో వేశారు. కొంత తేలింది. మునిగినదాన్ని తీసి రెండోదాంట్లో, అక్కడ మునిగినదాన్ని మూడోదాంట్లో. మొదట తేలినవి నిగనిగలాడుతున్నాయి. చివరి బీకరు అడుక్కి చేరినవి చూడగానే రాళ్ళని తెలుస్తోంది. మధ్యలో మిగిలిన ముక్కలు ఎటువైపువో నాకు అర్థం కాలేదు. వాటిలో ఒకదాన్ని భూతద్దం కింద పెట్టారు. సన్నటి నల్ల చార, దాని పక్కన బూడిదరంగు చార, మళ్ళీ నల్లది. ఒకే ముక్కలో బొగ్గూ రాయీ.

"వీటిని మిడ్లింగ్స్ అంటాం. ఇవి ఎటూ తేలవండీ" అన్నారాయన. మామూలుగానే అన్నారు. ఇన్నేళ్ళుగా ఈ విషయం ఎక్కడ చర్చకొచ్చినా నాకు మొదట గుర్తొచ్చేది మాత్రం ఆ మాటే.

వాషరీ ఎంత పెద్దదైనా లోపల జరిగేది ఈ బీకర్ల ఆటే. మంచి బొగ్గు నీటికన్నా 1.3 రెట్లు బరువుంటుంది. షేల్ రాయి రెండు రెట్లు దాటుతుంది. ఇనుము, గంధకం కలిసిన పైరైట్ అయితే దాదాపు అయిదు రెట్లు. గాలించడం అని మనకో మంచి మాట ఉంది. గింజను పైకి తేల్చి రాయిని అడుగున వదిలే పని. జిగ్ అనే యంత్రం నీళ్ళను కిందినుంచి ఎగదోస్తూ బొగ్గును అలాగే గాలిస్తుంది. ఇంకాస్త కచ్చితంగా కావాలంటే మాగ్నెటైట్ పొడి కలిపి నీళ్ళ బరువు పెంచుతారు. పనయ్యాక ఆ పొడిని అయస్కాంతాలతో వెనక్కి లాక్కుంటారు. అర మిల్లీమీటరు కన్నా సన్నటి నలుసుల దగ్గర ఈ బరువుల ఉపాయం సరిగా పారదు, అక్కడ నురగ వాడతారు. బొగ్గుకు నీళ్ళంటే పడదు. గాలి బుడగను పట్టుకుని పైకొచ్చేస్తుంది, మట్టి నీళ్ళలో ఉండిపోతుంది.

ఇదంతా పొగ గురించి పుట్టిన విద్య కూడా కాదు. రాయికి డబ్బులెందుకివ్వాలని కొనేవాడు పేచీ పెడితే పుట్టింది. అమెరికాలో పెన్సిల్వేనియా గనుల దగ్గర ఈ ఏరే పని చిన్నపిల్లలతో చేయించేవారు. బొగ్గు మీదుగా వంగి కూర్చుని పలకరాళ్ళు ఏరుతున్న ఆ పిల్లల్ని 1911లో లూయిస్ హైన్ ఫొటోలు తీశాడు. బొగ్గు శుభ్రతకు గాలి శుభ్రతతో చుట్టరికం కలిసింది ఆ తర్వాత చాలాకాలానికి.

మళ్ళీ నా లెక్క దగ్గరికి వస్తాను. పెద్దాయన దాన్ని నా చేతే మళ్ళీ వేయించారు. బొగ్గులో బూడిద, అంటే కాల్చినా మండకుండా మిగిలే రాయీ మట్టీ, 40 శాతం అనుకోండి, తేమ సంగతి పక్కన పెట్టండి. 100 టన్నుల్లో మండే సరుకు 60 టన్నులు. కడిగి బూడిదను 33 శాతానికి దించితే చేతికొచ్చేది 75 టన్నులు. అందులో బూడిద దాదాపు 25, మండేది 50. మరి ఆ తక్కిన 10 టన్నుల మండే సరుకు ఏమైంది? 15 టన్నుల రాయితో కలిసి రిజెక్టుల బెల్టు ఎక్కింది. ఆ బీకర్లో ఎటూ తేలని ముక్కలు ఇవే. నేను తగ్గించేశానని చప్పట్లు కొట్టించుకున్న పాతిక టన్నుల్లో 15 టన్నులు రాయి. రాయి మండదు, కార్బన్ డయాక్సైడ్ ఇవ్వదు. మిగతా 10 మండేదే, కానీ దానితోపాటు అది ఇచ్చే కరెంటూ పోయింది. ఆ కరెంటు మళ్ళీ కావాలంటే గనిలోంచి ఇంకో 20 టన్నులు తవ్వాలి.

నేను చేసిన తప్పల్లా టన్నుకు లెక్క కట్టడం. కట్టాల్సింది యూనిట్ కరెంటుకు. 12 కిలోల కార్బన్ కాలితే 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, ఆ కార్బన్ స్నానం చేసొచ్చినా చేయకపోయినా.

ఏ మురికి సంగతి అడుగుతున్నారు?

"మురికి" అని ఒకే మాట వాడటంలోనే సగం గందరగోళం ఉంది. చిమ్నీలోంచి వచ్చే నైట్రోజన్ ఆక్సైడ్ల మీద కడగడం ప్రభావం దాదాపు లేనట్టే. అవి మంట వేడిలో గాలిలోని నైట్రోజన్ నుంచీ, బొగ్గు అణువుల్లోనే ఉన్న నైట్రోజన్ నుంచీ పుడతాయి. పాదరసం చాలావరకు పైరైట్‌ను అంటిపెట్టుకుని ఉంటుంది కాబట్టి కొన్ని బొగ్గుల్లో మూడో వంతు దాకా పోతుంది, కొన్నిట్లో చెప్పుకోదగ్గంత పోదు.

గంధకం కథ ఇంతకన్నా పెద్దది. బొగ్గులో అది ముఖ్యంగా రెండు రకాలుగా ఉంటుంది. ఒకటి పైరైట్ గింజలుగా. ఇది బరువైనది కాబట్టి, గింజ కాస్త పెద్దదైతే, గాలిస్తే పోతుంది. రెండోది కార్బన్‌తోనే అణువుల స్థాయిలో ముడిపడి ఉంటుంది. ఎంత దంచినా, ఎన్ని నీళ్ళు పోసినా అది రాదు. అమెరికాలో ఇలినాయ్ వైపు బొగ్గుకు కడగడం వల్ల కొంత లాభం కనిపించిందంటే అక్కడ పైరైట్ ఎక్కువ కాబట్టి. అస్సాం బొగ్గులో గంధకం ఎక్కువే, కానీ అందులో అధికభాగం రెండో రకం. అక్కడ వాషరీ కట్టి ఆసిడ్ వానలు ఆపుతామంటే అయ్యే పని కాదు. భారత్‌లోని మిగతా బొగ్గులో గంధకం సుమారు అర శాతం మాత్రమే. అక్కడ కడగడం ప్రధానంగా బూడిద కోసమే.

ఆసిడ్ వానల విషయంలో అమెరికా అనుభవం విచిత్రంగా ఉంటుంది. 1990లో స్వచ్ఛ వాయు చట్టాన్ని సవరించి, గంధకం కాలితే వచ్చే సల్ఫర్ డయాక్సైడ్‌కు దేశవ్యాప్త పరిమితి పెట్టారు. కంపెనీలు తమకు చవకైన దారి వెతుక్కోవచ్చన్నారు. చాలా కంపెనీలు ఎంచుకున్న దారి వాషరీ కాదు. వయోమింగ్‌లోని పౌడర్ రివర్ బేసిన్ నుంచి, పుట్టుకతోనే గంధకం తక్కువున్న బొగ్గు రైళ్ళలో తెప్పించుకున్నాయి. ఆ బొగ్గును సాధారణంగా పగలగొట్టి జల్లించి పంపుతారంతే, కడగరు. అంటే గంధకం తగ్గడంలో పెద్ద వాటా కడగని బొగ్గుదే.

దీనికో కొసరు ఉంది. బూడిదను పట్టే ఈఎస్‌పీ యంత్రం నలుసులకు విద్యుదావేశం ఎక్కించి పలకల మీదికి లాగుతుంది. పొగలో సల్ఫర్ ట్రైఆక్సైడ్ కొద్దిగా ఉంటే నలుసుల విద్యుత్ నిరోధం తగ్గి ఈ పని బాగా జరుగుతుంది. గంధకం మరీ తక్కువైతే యంత్రం మొరాయిస్తుంది. అందుకని గంధకం తక్కువున్న బొగ్గు వాడే కొన్ని ప్లాంట్లలో పొగలోకి పనిగట్టుకుని సల్ఫర్ ట్రైఆక్సైడ్ ఎక్కిస్తారు. మొదటిసారి విన్నప్పుడు ఎవరో నన్ను ఆటపట్టిస్తున్నారనుకున్నాను.

ఇక బూడిద. ఇక్కడ కడగడానికి నిజంగానే బలముంది. పై లెక్కలో అదే వేడికి పుట్టే బూడిద నాలుగో వంతు తగ్గుతుంది, చిమ్నీలోంచి తప్పించుకునే దుమ్ము కూడా దాదాపు అంతే తగ్గుతుంది. తగ్గడం మంచిదే. కానీ పక్కనే ఇంకో లెక్క పెట్టి చూడండి. 99 శాతం పట్టే ఈఎస్‌పీని 99.9 శాతం పట్టేలా బాగుచేస్తే తప్పించుకునేది నూటికి ఒకటి నుంచి వెయ్యికి ఒకటికి పడిపోతుంది. అంటే 90 శాతం తగ్గుదల. ఊపిరితిత్తుల సంగతే ముఖ్యమైతే డబ్బు మొదట ఎక్కడ పెట్టాలో దీన్నిబట్టి చెప్పొచ్చు.

నీళ్ళు ఎటు పోయాయి

మొదట్లో నేను "మోసం" వైపు మొగ్గడానికి కారణం కడిగిన నీళ్ళు. సన్నటి మట్టి, బొగ్గు నలుసులు, కాసిన్ని రసాయనాలు కలిసిన ఆ నల్లటి చిక్కటి స్లరీ ఎక్కడికో ఒకచోటికి పోవాలి కదా.

వేల్స్‌లోని ఆబర్‌వాన్‌లో గని వ్యర్థాల గుట్ట 1966 అక్టోబర్ 21 ఉదయం జారి బడి మీద పడింది. 144 మంది చనిపోయారు, వారిలో 116 మంది పిల్లలు. నీటి ఊట మీద పోసిన ఆ గుట్టలో బొగ్గు శుద్ధిలో మిగిలిన సన్నటి టైలింగ్స్ కూడా ఉన్నాయి. 1972 ఫిబ్రవరి 26న అమెరికా వెస్ట్ వర్జీనియాలోని బఫెలో క్రీక్ లోయలో, బొగ్గు చెత్తతోనే కట్టిన ఆనకట్ట తెగి 125 మంది ప్రాణాలు పోయాయి. ఆ ఆనకట్ట వెనక నిలవ చేసినది బొగ్గు కడిగిన నీళ్ళే. 2000 అక్టోబర్‌లో కెంటకీలోని మార్టిన్ కౌంటీలో స్లరీ చెరువు అడుగు చిల్లుపడి, కిందనున్న పాత గనిలోంచి సుమారు 30 కోట్ల గ్యాలన్ల బురద వాగుల్లోకి వచ్చింది. ప్రపంచమంతా గుర్తుపెట్టుకున్న ఎక్సాన్ వాల్డెజ్ ఓడ ప్రమాదంలో ఒలికిన చమురు 1.1 కోట్ల గ్యాలన్లు. మార్టిన్ కౌంటీ పేరు ఎంతమంది విన్నారు?

2014 జనవరి 9న వెస్ట్ వర్జీనియాలోనే ఛార్ల్‌స్టన్ వైపు జనం కుళాయి తిప్పితే నీళ్ళు అతిమధురం వాసన వచ్చాయి. ఎమ్‌సీహెచ్‌ఎమ్ అనే రసాయనం ట్యాంకులోంచి ఎల్క్ నదిలోకి కారింది. దాదాపు 3 లక్షల మంది రోజుల తరబడి ఆ నీళ్ళు ముట్టుకోలేకపోయారు. ఆ రసాయనం వాడేది బొగ్గును నురగతో కడగడానికి. గాలి కోసం చేశామని చెప్పుకునే పని నదిలో తేలింది.

ఇక్కడిదాకా రాసి ఆపేస్తే నేను గెలిచినట్టే. కానీ అది సరైన వాదన కాదు. కడగకపోతే ఆ మట్టి మాయమైపోదు. బాయిలర్ దాకా ప్రయాణం చేసి బూడిదై, విద్యుత్ కేంద్రం పక్కన బూడిద చెరువు అవుతుంది. 2008 డిసెంబర్ 22న టెనెసీలోని కింగ్‌స్టన్‌లో అలాంటి చెరువు గట్టు తెగితే 40 లక్షల ఘనమీటర్లకు పైగా తడి బూడిద ఇళ్ళ మీదికీ నదిలోకీ వచ్చింది. చిమ్నీ దగ్గర పొగను కడిగినా అంతే. లండన్‌లోని బ్యాటర్‌సీ విద్యుత్ కేంద్రం 1930ల్లోనే పొగను థేమ్స్ నీళ్ళతో కడిగి ఆ నీళ్ళు మళ్ళీ థేమ్స్‌లోకే వదిలింది. మురికి ఎక్కడో ఒకచోట తేలక తప్పదు. కాబట్టి వాషరీ చెరువును చూపించి వాషరీ వద్దనడం, బూడిద చెరువును చూపించి వాషరీ కావాలనడం, రెండూ ఒకే రకం వాదనలు. నేను మొదటిది కొన్నాళ్ళు చేశాను, ఇప్పుడు మానేశాను.

34 శాతం కథ

ఈ విషయం మీద ఒక దేశం అటూ ఇటూ ఊగడం చూడాలంటే భారత్‌ను చూడాలి. అక్కడి బొగ్గులో బూడిద 35 నుంచి 45 శాతం దాకా మామూలు. పైగా అది రాతి పొరలుగా విడిగా ఉండక బొగ్గులోనే మెత్తగా కలిసిపోయి ఉంటుంది. భూతద్దం కింద నేను చూసిన చారలు ఇంకా సన్నగా ఉంటాయనుకోండి. గనికి 1,000 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న విద్యుత్ కేంద్రాలు 34 శాతం బూడిద మించని బొగ్గే వాడాలని 1997లో పర్యావరణ మంత్రిత్వ శాఖ నియమం పెట్టింది. 2014లో ఆ దూరాన్ని దశలవారీగా 500 కిలోమీటర్లకు తగ్గించారు. 2020 మే 21న నియమాన్నే ఎత్తేశారు.

ఎత్తేయడానికి చెప్పిన కారణాల్లో ఒకటి నాకు నిజంగా నచ్చింది. వాషరీ రిజెక్టులు బయట మార్కెట్లోకి చేరి, ఈఎస్‌పీ లాంటివేవీ లేని చిన్న చిన్న పరిశ్రమల్లో కాలుతున్నాయి. దానికన్నా మొత్తం బొగ్గును పెద్ద ప్లాంటుకే పంపి, బూడిదంతా అక్కడే పట్టుకోవడం నయం. రాయితో కలిసి పోయిన ఆ 10 టన్నుల మండే సరుకు గుర్తుందా? అది కొనడానికి ఎవరో ఒకరు ఎప్పుడూ ఉంటారు. ఎత్తు చిమ్నీ వదలని పొగను పొట్టి చిమ్నీ వదులుతుంది, అదీ జనం ముక్కు దగ్గర.

నచ్చనిది ఆ తర్వాత జరిగింది. "ప్లాంటు దగ్గరే పట్టుకుంటాం" అన్నమాట నిలబడాలంటే ప్లాంటు దగ్గర పట్టే యంత్రాలుండాలి. 2015 డిసెంబర్‌లో పెట్టిన కొత్త ఉద్గార పరిమితులను మొదట 2017కల్లా అందుకోవాలన్నారు. గడువు పదేపదే జరిగింది. 2025 జులైలోనైతే చాలా ప్లాంట్లకు సల్ఫర్ డయాక్సైడ్‌ను పట్టే యంత్రాల నుంచి మినహాయింపే ఇచ్చేశారు. బొగ్గులో గంధకం తక్కువ కదా అన్నది దానికి సమర్థన. విడివిడిగా చూస్తే ప్రతి నిర్ణయానికీ ఏదో ఒక సబబు కనిపిస్తుంది. కలిపి చూస్తే ముందు వడపోతా పోయింది, వెనక వడపోతా రాలేదు.

నాకింకా తీరని అనుమానం

కడగడం పొగ ఖాతాలోకి రాదని ఇంత గట్టిగా అంటున్నా, ఒక్కచోట నా వాదన కాస్త వదులుగా ఉందని తెలుసు. విద్యుత్ కేంద్రంలో బాయిలర్ పని చూసే మిత్రుడొకడు ఉన్నాడు. కడిగిన బొగ్గు వస్తే తేడా ఎక్కడ తెలుస్తుందని అడిగాను. "చిమ్నీ కాడ కాదురా, మిల్లు కాడ" అన్నాడు. బొగ్గులో క్వార్ట్జ్ ఉంటే అది పిండి చేసే మిల్లును అరగదీస్తుంది, దాటి వెళ్ళి బాయిలర్ ట్యూబులను కోస్తుంది. ట్యూబు చిల్లుపడితే యూనిట్ ఆపాలి. మళ్ళీ వెలిగించేటప్పుడు గంటల తరబడి నూనె మంట. ఆ సమయంలో ఈఎస్‌పీని పూర్తిగా నడపని ప్లాంట్లు చాలా ఉన్నాయి. మంచి బొగ్గు వల్ల ఏడాదికి అలాంటి ఆపడాలు నాలుగు తగ్గితే, ఆ మేరకు పొగ తగ్గినట్టే కదా అంటాడు వాడు. నిజమే. దాన్ని ఏ ఖాతాలో రాయాలో నాకింకా తేలలేదు. అదే నోటితో, వానాకాలంలో కడిగిన సన్నబొగ్గు తడిసి, బొగ్గు కిందికి జారే చూట్లలో ఇరుక్కుంటే సుత్తులతో కొట్టి దింపుకోవాల్సి వస్తుందని తిట్టేదీ వాడే.

రైలు ఖాతాలో మాత్రం అనుమానమే లేదు. 40 శాతం బూడిదున్న బొగ్గు 4,000 టన్నులు వేసుకుని వెయ్యి కిలోమీటర్లు వెళ్ళే రైలు 1,600 టన్నుల బూడిద సరుకును ఊరేగిస్తున్నట్టే. గని పక్కనే ప్లాంటు ఉంటే ఈ లాభం ఉండదు. దూరం పెరిగేకొద్దీ కడగడానికి అర్థం పెరుగుతుంది. రిజెక్టులను గని దగ్గరే, నాసిరకం బొగ్గునూ కాల్చగల ఫ్లూయిడైజ్డ్ బెడ్ బాయిలర్లో, దానికి తగ్గ వడపోతతో కాల్చి, మిగిలినదాన్ని తవ్విన గోతిలోనే నింపితే ఇంకా మంచిది. అసలు రాయిని బొగ్గుతో కలిపి తవ్వకుండా, పొరలు చూసి విడిగా తవ్వితే అన్నిటికన్నా చవక. పెద్ద బకెట్ యంత్రాలతో హడావుడిగా తవ్వి కలిపేసి, తర్వాత నీళ్ళు పోసి విడదీయడం మనం మనకే పెట్టుకున్న పని.

ఆ కరపత్రం వేసిన కంపెనీకి ఒక ఉత్తరం రాశాను. అడిగింది ఒక్కటే: మీ రిజెక్టులు ఎవరు కొంటారు, ఎక్కడ కాలుస్తారు? మూడు వారాలకు జవాబు వచ్చింది. కవరు విప్పితే లోపల అదే కరపత్రం, ఈసారి రంగుల్లో.